రెండో పేజీలో శ్రీ

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. చిత్తూరు బస్సులో ఆ పిల్ల కిటికీ పక్క సీటు కోసం తమ్ముడితో పోట్లాడే చోటు చాలా బాగుంది. కానీ రెండో పేజీలో ఆగిపోయాను. పిల్ల పేరు శ్రీ అని చెప్పిన వెంటనే ‘శ్రీ అంటే లక్ష్మి, సంపద, శోభ’ అని ఒక పేరా రాశావు. నిఘంటువు చూసి రాసినట్టు తెలిసిపోతోంది. చూడటం మంచిదే, నేనూ రోజూ చూస్తాను. అయితే ఆ ఒక్క అక్షరం మన ఊళ్ళలో ఎవరి నోట్లో ఎలా మసులుతోందో వినకుండానే దాన్ని కథలోకి తెచ్చావు. అందుకే ఈ ఉత్తరం.

తిరుపతిలో శ్రీవారు అంటే కొండమీది స్వామి. శ్రీవారి మెట్టు, శ్రీవారి సేవ, శ్రీవారి లడ్డు. ‘మా శ్రీవారు ఊళ్ళో లేరండీ’ అని ఒక ఇల్లాలు గుమ్మంలో నిలబడి అంటే ఆమె భర్త. వైష్ణవుల నుదుటి నామంలో తెల్లటి గీతల నడుమ ఎర్రగా ఉండేది శ్రీచూర్ణం, అది అమ్మవారికి గుర్తు. శ్రీకంఠుడు అన్నప్పుడు మాత్రం శ్రీకి విషమని అర్థం చెబుతారు. సంపద, విషం రెండూ ఒకే అక్షరంలో ఉన్నాయంటే మొదట నేను నమ్మలేదు.

మన శ్రీకి తమిళంలో సాటి మాట తిరు. తిరుమల, తిరుపతి, తిరుచానూరు అని మనం పొద్దున లేచింది మొదలు ఎన్నిసార్లు అంటామో! కొండమీద ఏడాదికి నాలుగుసార్లు గుడినంతా కడిగి శుభ్రం చేసే సేవ పేరు కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం. అంత దూరం ఎందుకు, చిన్నప్పుడు నాన్న భుజాలెక్కి చూసిన తిరునాళ్ళలో కూడా ఉన్నది అదే తిరు.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది శ్రీకాళహస్తి. తిరుపతి నుంచి 40 కిలోమీటర్ల లోపే ఉంది కాబట్టి నువ్వూ చాలాసార్లు పోయుంటావు. ఆ పేరులో కాళం పాము, హస్తి ఏనుగు. శ్రీ సాలెపురుగు. ఆ మూడూ శివుణ్ణి కొలిచి ముక్తి పొందాయని స్థలపురాణం. ఊరి పేరు ముందు గౌరవానికి పెట్టిన అక్షరమని చాలామంది అనుకుంటారు, నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. మూలన గూడు అల్లుకునే ఒక చిన్న పురుగు ఏనుగుకంటే ముందు కూర్చుని ఉందని తెలిసిన రోజున ఇంట్లో సాలెగూడు దులపడానికి చెయ్యి రాలేదు.

ఆంధ్ర మహాభారతం మొదటి శ్లోకం ‘శ్రీవాణీ’ అని మొదలవుతుంది. అక్కడ లక్ష్మి, సరస్వతి. ఇప్పుడు మన ఊళ్ళో ‘శ్రీవాణి దొరికిందా?’ అని ఎవరన్నా అడిగితే 10,000 రూపాయల విరాళం మీద వచ్చే దర్శనం టికెట్ గురించి. ఆలయాలు కట్టడానికి పెట్టిన ట్రస్టు అది. శ్రీ వేంకటేశ్వర ఆలయాల నిర్మాణం అనే మాటల ఇంగ్లీషు పొడి అక్షరాలు కలిపితే ఆ పేరు వచ్చింది. రెంటినీ పక్కపక్కన పెట్టి కాసేపు ఆలోచించు.

ఇక నా సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్న సంవత్సరీకానికి కార్డు నేనే రాశాను. అప్పటికే నావి రెండు కథల పుస్తకాలు వచ్చాయి. అలవాటు కొద్దీ ఆయన పేరు ముందు శ్రీ అని పెట్టాను. ప్రెస్సుకు ఇవ్వబోతుంటే మా పెద్దమ్మ ఆ కాగితం తీసుకుని చాలాసేపు చూసింది. పెన్ను అడిగింది. ఆ ఒక్క అక్షరం కొట్టేసి పైన కీ.శే. అని రాసి నా చేతికిచ్చింది. ఒక్క మాట అనలేదు. నాన్న లేడని ఏడాదిగా తెలుసు. ఆ కొట్టివేత చూసినప్పుడు మాత్రం కూర్చోలేకపోయాను, పెరట్లోకి పోయి ఏడ్చాను. శ్రీ ఊపిరి ఉన్నవాళ్ళదని నాకు ఏ నిఘంటువూ చెప్పలేదు. మరి 1503లో పోయిన అన్నమయ్యను ఇప్పటికీ శ్రీ తాళ్ళపాక అన్నమాచార్యులు అనే రాస్తాం. ఆయన పేరు ముందు కీ.శే. పెట్టాలని ఎవరికీ తోచదు.

అందుకని ఆ పేరా తీసెయ్యమ్మా. పాఠకుడు ఆ పిల్లను చూద్దామని వస్తుంటే అర్థాలు అడ్డం పెట్టడం సిరి రా మోకాలొడ్డినట్టు ఉంది. ఆ సిరి కూడా శ్రీయే, నోళ్ళలో నాని మెత్తబడింది. శ్రీనివాసులు మన పల్లెల్లో శీనయ్య అయినట్టే.

దాని బదులు ఆ పేరును నలుగురి నోట పలికించు. బడిలో హాజరు పిలిచే టీచరు ‘అంతేనా, ఇంకేం లేదా?’ అని తలెత్తి చూస్తుందేమో. ఏదైనా ఆఫీసులో గుమాస్తా శ్రీని గౌరవానికి రాసిందనుకుని ‘అసలు పేరు చెప్పు పాపా’ అంటాడేమో. ‘అదే నా పేరు సార్’ అని పదేళ్ళ పిల్ల పదిమందిలో చెప్పాలంటే ఎంత టెన్షన్ పడుతుంది! ఆ ఒక్క క్షణం నీ దగ్గర ఉంటే రెండో పేజీ మొత్తం మళ్ళీ రాయొచ్చు. కథ చివర పెళ్ళిపత్రిక ఉంది కదా, అందులో చి.ల.సౌ. శ్రీ అని ఒకసారి అచ్చులో కనిపించనీ. అక్కడ నువ్వేమీ వివరించవద్దు.

ఒక ఆదివారం ఉదయం తిరుచానూరు పద్మసరోవరం మెట్ల మీద కూర్చో. నోటుబుక్కు సంచిలోనే ఉండనీ. తల్లులు పిల్లల్ని ఏ పేర్లతో పిలుస్తున్నారో, కోపం వస్తే ఆ పేరు ఎంత పొట్టిదవుతుందో, తప్పిపోతే ఎంత పొడుగ్గా సాగుతుందో విను. శ్రీ అనే పేరును పొట్టి చెయ్యడానికి లేదు. సాగదీసి పిలవడమే.

కథలో ఆ పిల్లకు ఒక అవ్వ ఉంది, పళ్ళు లేని అవ్వ. ఆమె ఒక్కసారి కూడా మనవరాలిని పేరు పెట్టి పిలవలేదు. పళ్ళు లేని నోటికి శ్రీ అనడం కష్టం. ఆమె ఏమని పిలుస్తుందో రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు