ఆఫీసులో హాలోవీన్ పెడుతున్నావట, ముందు ఇది చదువు

ఒరేయ్ చిన్నా,

ఆఫీసులో హాలోవీన్ ఏర్పాట్లన్నీ నీకే అప్పజెప్పారని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. నలుగురిలో నోరు విప్పడానికే మొహమాటపడే పిల్లాడివి, చేరిన కొత్తలోనే నీమీద అంత నమ్మకం పెట్టారంటే నాకెంత సంతోషమేసిందో. మీ అమ్మ మాత్రం దయ్యాల పండగ మనకెందుకే అక్కా అని ఒకటే గోల. ఐర్లాండ్, స్కాట్లాండ్ వైపు కోతలైపోయి చలికాలం మొదలయ్యే వేళ సావిన్ అనే పండగ చేసుకునేవాళ్ళు, హాలోవీన్ దాన్నుంచే వచ్చింది, ఆ రాత్రి పోయినవాళ్ళ ఆత్మలు తిరుగుతాయని నమ్మేవాళ్ళు, అక్కడ టర్నిప్‌లు చెక్కేవాళ్ళు అమెరికా వచ్చాక గుమ్మడికాయలు చెక్కడం మొదలుపెట్టారు, ఆఫీసుల్లో ఇప్పుడదంతా సరదాకే అని నేనే సర్దిచెప్పా. తను కాస్త కుదుటపడింది. కానీ "ఫాగ్ మెషిన్ కూడా తెస్తాడట" అనేసరికి నాకు గుండె గుభేల్మంది.

మామూలు సంగతులు గబగబా చెప్పేస్తా. వేషం తప్పనిసరి అనకు, ఇష్టమున్నవాళ్ళే వేసుకుంటారు. యెహోవా సాక్షులు అసలీ పండగే చేసుకోరు, అలాంటివాళ్ళని ఎవరూ గుచ్చిగుచ్చి అడక్కుండా చూడు. నిజం తుపాకుల్లా ఉండే బొమ్మలు వద్దు. ఇంకో జాతివాళ్ళలా కనబడాలని మొహానికి రంగు పూసుకోవడం వద్దే వద్దు, ఆ నవ్వు ఒక్కరోజే, పక్క సీట్లో మనిషికి కలిగిన బాధ మాత్రం ఏళ్ళ తరబడి ఉంటుంది. పిల్లి కళ్ళ కాంటాక్ట్ లెన్సులు ఎక్కడ పడితే అక్కడ కొననివ్వకు, అమెరికాలో ప్రిస్క్రిప్షన్ లేకుండా అవి అమ్మడమే నేరం, ఇన్ఫెక్షనొస్తే చూపే పోవచ్చు. చాక్లెట్ల పక్కన తినేవి కానివి కూడా కొన్ని పెట్టు, ఎలర్జీ ఉన్నవాళ్ళ కోసం 2014 నుంచి టీల్ రంగు, అంటే నీలం ఆకుపచ్చ కలిసిన రంగు గుమ్మడికాయ పెట్టే పద్ధతి నడుస్తోంది, అదీ ఒకటి పెట్టెయ్.

ఇక అసలు సంగతి. నేను పనిచేసిన ఒక ఆఫీసులో హాలోవీన్ నాడు కాన్ఫరెన్స్ రూమ్‌లో ఫాగ్ మెషిన్ పెట్టారు, బిల్డింగ్ వాళ్ళకి ఒక్క మాట కూడా చెప్పలేదు. అది గ్లైకాల్ అనే రసాయనం కలిపిన నీళ్ళని వేడిచేసి సన్నటి తుంపర వదుల్తుంది, స్మోక్ డిటెక్టర్‌కి అది పొగో తుంపరో ఏం తెలుస్తుంది, అలారం మోగింది. లిఫ్టులు ఎక్కకూడదు కదా, అందరం మెట్లమీద పడ్డాం. నా ముందు ఒకతను పూర్తిగా ఎలుగుబంటి వేషంలో ఉన్నాడు, తల కూడా ఒంటికే కుట్టేసి ఉంది, నోటి దగ్గరున్న జాలీలోంచే చూడాలి, తన కాళ్ళు తనకే కనబడవు, చేతులకి బొచ్చు తొడుగులు, రెయిలింగ్ పట్టు చిక్కట్లేదు. వెనక ఒకమ్మాయి పొడుగు గౌను ఎవరో తొక్కేశారు, ఆమె తూలి అతనిమీద పడింది, ఇద్దరూ ల్యాండింగ్ దాకా దొర్లారు. పైనుంచి జనం వస్తూనే ఉన్నారు. ఊపిరాడట్లేదు అని లోపల్నుంచి అతని గొంతు వినిపిస్తోంది, వెనక జిప్ లాగుతుంటే బొచ్చు ఇరుక్కుపోయి సగంలో ఆగిపోయింది, చివరికి ఎవరో బ్యాగులోంచి కత్తెర తీసిస్తే కోసేశాం. బయటికొచ్చిన ఆ మొహం ఎర్రగా, చెమటతో తడిసి ముద్దయిపోయి ఉంది. మణికట్టు విరిగింది. మంట లేదు కాబట్టి అంతటితో పోయింది. నిజంగా ఉంటే ఆ మెట్లమీద ఎంతమందిమి ఉండిపోయేవాళ్ళమో, ఇప్పటికీ తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

అందుకే చెప్తున్నా, ఫాగ్ మెషిన్ మానెయ్, ఊదా రంగు లైట్లు చాలు. డిటెక్టర్‌కి కవర్ తొడుగుదాం అని ఎవడో ఒక తెలివిగలవాడు అంటాడు, ఒప్పుకున్నావో నాతో మాట్లాడకు. దూది సాలెగూళ్ళు ఎగ్జిట్ బోర్డుల మీదా స్ప్రింక్లర్లకీ వేలాడదీయొద్దు, గుమ్మడికాయల్లో బ్యాటరీ దీపాలే పెట్టు. వేషాలకి రూలు ఒక్కటే పెట్టు: అది వేసుకుని రెయిలింగ్ పట్టుకుని ఒక అంతస్తు దిగగలగాలి, తల తొడుగు ఎవరి సాయం లేకుండా ఒక్క ఊపున తీసేయగలగాలి. ముందు రోజే నువ్వు దగ్గరుండి అందరిచేతా దిగించు, నవ్వితే నవ్వనీ.

నీకిదంతా పెద్దమ్మ చాదస్తంలా అనిపిస్తుంది, తెలుసు. చిన్నప్పుడు మెడకి దుప్పటి కట్టుకుని మెట్లమీంచి దూకేవాడివి, నేను కింద చేతులు చాచుకుని నిలబడేదాన్ని, వద్దురా అంటే ఇంకో మెట్టు పైకెక్కేవాడివి. ఇప్పుడు అక్కడ నేనుండను కదా నాన్నా.

నీ వేషమేంటో మాత్రం మీ అమ్మ కూడా చెప్పలేదు. కేప్ కావాలంటే కొలతలు పంపు, హాలోవీన్ నాటికి, అక్టోబర్ 31లోపు చేరేలా కుట్టి పంపిస్తా, మెడ దగ్గర ముడి కాదు, లాగితే ఊడొచ్చే వెల్క్రో పెడతా, పొడుగు మోకాలు దాటనివ్వను.

మీ పెద్దమ్మ