నడుము నొప్పి ఉంటే క్రూజర్ బైక్ కొనొచ్చా?

ప్రశ్న: నా వయసు 39. ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు, బరువు 78 కిలోలు. విత్తనాల కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం. నల్లగొండలో ఉంటూ రోజూ కనగల్, గుర్రంపోడు, కొండమల్లేపల్లి వైపు ఊళ్లు తిరుగుతాను. పుట్టి పెరిగింది మర్రిగూడ మండలంలో. కొన్ని నెలలుగా నడుము కింది భాగంలో నొప్పి. కాలులోకి దిగడం లేదు కానీ, పొద్దున లేవగానే కాసేపు నడుము పట్టేసినట్టు ఉంటుంది. ఇప్పుడున్నది పాత స్ప్లెండర్. క్రూజర్ తీసుకుంటే సోఫాలో కూర్చున్నట్టు ఉంటుంది, నొప్పి కూడా పోతుందని ఒక దోస్తు అంటున్నాడు. అవి బరువు బండ్లు, మలుపుకోవడం కష్టం అని ఇంకొకాయన అంటున్నాడు. ఆదివారాలు నా భార్యతో కలిసి వెళ్లేది కూడా ఆ బండి మీదే. కంఫర్ట్ చూసి కొనాలా, హ్యాండ్లింగ్ చూసి కొనాలా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: మీ దోస్తు చెప్పింది షోరూంలో నిజమే. బండి కదలనంతసేపు క్రూజర్ సీటంత హాయి ఇంకోటి లేదు. సీటు వెడల్పు, కాళ్లు ముందుకు, హ్యాండిల్ దగ్గరగా. ఇబ్బంది రోడ్డెక్కాక, అదీ మీరు తిరిగే రోడ్లెక్కాక మొదలవుతుంది.

కాళ్లు ముందుకు చాపి కూర్చుంటే తుంటి వెనక్కి ఒరుగుతుంది. నడుము దగ్గర లోపలికి ఉండాల్సిన సహజమైన వంపు చదునవుతుంది. నిలబడినప్పటి కన్నా కూర్చున్నప్పుడు కింది డిస్కుల (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తల) మీద ఒత్తిడి ఎక్కువ, గూని పడి కూర్చుంటే ఇంకా ఎక్కువ. ఇది ఏ బండికైనా వర్తించేదే. క్రూజర్‌లో దీనికి తోడు మరో చిక్కు ఉంది. స్ప్లెండర్ మీద పోతూ స్పీడ్ బ్రేకర్ కనిపించగానే మీరేం చేస్తారో ఒకసారి గమనించండి. మీకు తెలియకుండానే ఫుట్‌రెస్టుల మీద బరువు వేసి సీటు మీంచి కొద్దిగా లేస్తారు. కుదుపును మోకాళ్లు, తొడలు తీసుకుంటాయి, నడుము దాకా వచ్చేది కొంతే. ఫుట్‌రెస్టులు బాగా ముందుకు ఉన్న బండి మీద అలా లేవలేరు. పాదాలు ఒంటి కింద లేనప్పుడు ఎవరూ లేవలేరు. అప్పుడు కుదుపు మొత్తం సీటులోంచి తోక ఎముకకు, అక్కడి నుంచి నేరుగా నడుము డిస్కులకు చేరుతుంది. పైగా చాలా క్రూజర్లలో సీటు కిందికి ఉండాలని వెనక షాకబ్జర్లు కదిలే దూరాన్ని తగ్గిస్తారు. మెత్తటి సీటు చిన్న చిన్న అదురును మింగుతుంది గానీ గుంతను మింగలేదు.

వైబ్రేషన్ గురించి కూడా చాలామంది పొరపడతారు. ఇంజిన్ నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంటే ఆ అదురు సెకనుకు 50 సార్లు వస్తుంది. దానికి చేతులు తిమ్మిరెక్కుతాయి, పాదాలు జివ్వుమంటాయి. కూర్చున్న మనిషి వెన్నెముక ఎక్కువగా ఊగేది సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే ఊపుకు. అది ఇంజిన్ నుంచి రాదు, రోడ్డు నుంచి, షాకబ్జర్ల నుంచి వస్తుంది. అందుకే ఇంజిన్ స్మూత్‌గా ఉందని మురిసిపోయి కొన్న బండి కూడా గతుకుల రోడ్డు మీద నడుమును సతాయించగలదు.

ఇక హ్యాండ్లింగ్. మీరు దాన్ని కంఫర్ట్‌కు ఎదురుగా నిలబెట్టి అడిగారు. నడుము డాక్టరుగా నేను ఆ రెండింటినీ విడదీయను. మీ స్ప్లెండర్ బరువు సుమారు 112 కిలోలు. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల క్రూజర్ మీటియర్ 350 బరువు 191 కిలోలు, సూపర్ మీటియర్ 650 అయితే 241 కిలోలు. నడుస్తున్నంతసేపు ఆ బరువు మీకు తెలియదు. ప్రకాశం బజార్‌లో రెండు బండ్ల మధ్య పార్క్ చేసి, తిరిగి వచ్చి వెనక్కి లాగినప్పుడు తెలుస్తుంది. నడుము తిప్పి, ఒక చేత్తో సీటు పట్టుకుని, మడమలతో నేలను తన్నుతూ బరువు లాగడం అంటే డిస్కుకు వంపు, మెలిక, బరువు మూడూ ఒకేసారి పడటమే. "బండి నడిపితే కాదు సార్, స్టాండ్ తీసేటప్పుడు కలుక్కుమంది" అంటూ మా దగ్గరికి వచ్చేవాళ్లు తక్కువేం కాదు.

ఇంకోటి, క్రూజర్‌లో రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువ, ముందు ఫోర్కు వాలుగా ఉంటుంది. నార్కట్‌పల్లి దాటి 65వ నంబరు హైవే మీద సూర్యాపేట వైపు తిన్నగా పోతుంటే అదే దాని గొప్ప, గీత గీసినట్టు పోతుంది. వానాకాలం పంట కోతలప్పుడు రోడ్డుకు ఒక పక్క వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి, మిగిలిన సగంలోంచే ఎదురుగా ట్రాక్టర్ వస్తుంటే మాత్రం చటుక్కున తప్పుకునే బండి కావాలి. హ్యాండిల్ వెడల్పుగా ఉన్న బండిని పూర్తిగా తిప్పితే బయటి వైపు చెయ్యి చాలా దూరం పోతుంది. ఆ చేతి వెంట భుజం, భుజం వెంట నడుము మెలి తిరుగుతాయి. కాళ్లూ చేతులూ పొట్టిగా ఉన్నవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ.

మరి మీ సంగతి? వారంలో ఆరు రోజులు మండల రోడ్ల మీద, ఒక రోజు సాగర్‌కో శ్రీశైలానికో. నా సలహా ఆ ఆరు రోజుల కోసం. ఫుట్‌రెస్టులు సీటుకు దాదాపు కిందే ఉండి, వీపు నిటారుగా ఉంచే మామూలు బండే మీకు మొదటి ఎంపిక. లేదు, క్రూజర్ మీద మనసు పడింది అంటారా, మనసును కాదనడం నా పని కాదు. కాళ్లు మరీ చాపించని, 200 కిలోలు దాటని దాన్ని చూడండి. మీటియర్ 350 సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లు. మీ ఎత్తుకు రెండు పాదాలూ నేల మీద ఆనడం కష్టం కాదు. బజాజ్ అవెంజర్ క్రూజ్ 220 సీటు 737 మిల్లీమీటర్లే, బరువు కూడా 163 కిలోలే, కానీ కాళ్లు ముందుకు చాపి కూర్చోవాలి. తేలిక బండి అన్న లాభం గతుకుల్లో కొంత పోతుంది. సూపర్ మీటియర్ 650 జోలికి ఇప్పుడు వద్దు. 740 మిల్లీమీటర్ల సీటు చూస్తే ముచ్చటేస్తుంది గానీ, కింద గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగుకూ మధ్య ఖాళీ, 135 మిల్లీమీటర్లే. మన ఊళ్లలో ఎవరికి వాళ్లు వేసుకునే స్పీడ్ బ్రేకర్లకు అది చాలదు.

షోరూం ముందు ఒక రౌండ్ కొట్టి టెస్ట్ రైడ్ అయిందనుకోకండి. కనీసం అరగంట అడగండి, గతుకుల రోడ్డు మీదికి తీసుకెళ్లండి, ఒకసారి మీ భార్యను కూడా ఎక్కించుకోండి. వెనక మనిషి కూర్చుంటే షాకబ్జర్ కిందికి దిగి, గుంతలో పడ్డప్పుడు 'టక్' మని తగులుతుందేమో చూడండి. ఇంజిన్ ఆపి బండిని రివర్స్‌లో పది అడుగులు నెట్టండి, హ్యాండిల్ ఇటూ అటూ పూర్తిగా తిప్పండి. దిగగానే కాదు, మర్నాడు పొద్దున నడుము ఎలా ఉందో చూసి అప్పుడు అడ్వాన్స్ కట్టండి.

కొత్త బండి వచ్చేలోపు పాతదాన్ని సరిచేసుకోండి. వెనక షాకబ్జర్లు నూనె కారుతుంటే మార్పించండి. మైలేజ్ వస్తుందని టైర్లలో గాలి ఎక్కువ కొట్టించడం మానేయండి. గట్టి టైరు ప్రతి రాయినీ నడుముకు చెబుతుంది. వెనక జేబులో పర్సు పెట్టుకుని కూర్చుంటే తుంటి ఒక పక్కకు ఒరుగుతుంది, దాన్ని ముందు జేబులోకి మార్చండి. శాంపిల్ ప్యాకెట్ల బ్యాగు భుజాన వద్దు, బండికి కట్టండి. ముప్పావు గంటకోసారి దిగి నాలుగు అడుగులు వేయండి. మీ ఎత్తుకు 78 కిలోలు ఎక్కువ. ఆరేడు కిలోలు తగ్గితే ఏ షాకబ్జరూ ఇవ్వని సుఖం వస్తుంది. నడుము బెల్టు ఆసరా కొద్ది రోజులకే. ఏళ్ల తరబడి దాని మీదే ఆధారపడకండి, బలం రావాల్సింది కండరాలకు.

ఇదంతా ఒక ఎత్తు. మీరు పెరిగింది ఫ్లోరైడ్ నీళ్ల సమస్య ఉన్న మర్రిగూడ అన్నారు కాబట్టి అసలు విషయం ఇంకోటి అడగాలి. చిన్నప్పుడు ఏ నీళ్లు తాగారు? ఇప్పుడు భగీరథ నీళ్లు వస్తున్నాయి గానీ, మీ వయసు వాళ్లు బోరు నీళ్ల మీదే పెరిగారు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. అంతకు మించిన నీళ్లు ఏళ్లపాటు తాగితే వెన్నెముక చుట్టూ ఎముకలను కలిపి ఉంచే పట్టీల్లాంటి లిగమెంట్లలో కాల్షియం పేరుకుని నడుము, మెడ బిగుసుకుపోతాయి. ఇంట్లోనే మూడు పనులు చేసి చూడండి. మోకాళ్లు వంచకుండా నేల మీది రూపాయి బిళ్లను తీయగలరా? గడ్డం ఛాతీకి ఆనుతుందా? రెండు చేతులూ తల వెనక పెట్టి మోచేతులు వెనక్కి చాపగలరా? నొప్పితోనో పొట్టతోనో మొదటిది కుదరకపోవచ్చు. మూడూ కష్టంగా ఉంటే నడుముతో పాటు ముంజేతి ఎక్స్‌రే కూడా తీయించాలి. ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఉండే పొర గట్టిపడటం ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు ఫ్లోరోసిస్‌కు మంచి ఆనవాలు. మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష కూడా ఉంటుంది. అదే అయితే బండి ఎంపిక కూడా మారుతుంది. మెడ తిప్పి వెనక చూడటం కష్టమయ్యేవాళ్లకు పెద్ద అద్దాలు, తేలికగా తిరిగే బండి తప్పనిసరి.

పొద్దుటి బిగుతు ఎంతసేపు ఉంటుందో కూడా గడియారం చూసి రాసుకోండి. ఐదు పది నిమిషాల్లో పోతే పెద్ద టెన్షన్ అక్కర్లేదు. అరగంట దాటుతూ, తిరుగుతుంటే తగ్గుతూ, పడుకుంటే పెరుగుతుంటే అది వెన్నెముక వాపు జబ్బు కావచ్చు, రక్త పరీక్షలు కావాలి. మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు నెలల తరబడి మింగకండి. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

నొప్పి మోకాలు దాటి కిందికి దిగినా, పాదం పైకి లేవక వేలాడిపోయి చెప్పు జారిపోతున్నా, జ్వరం, బరువు తగ్గడం తోడైనా ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి. బండి మీద కూర్చుంటే సీటుకు తగిలే భాగమంతా మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా ఆ రోజే, రాత్రయినా సరే, ఆస్పత్రికి వెళ్లాలి. అప్పుడు బండి మీరు నడపొద్దు.

– ఆర్థోపెడిక్ సర్జన్, నల్లగొండ