తైపే పక్కన అమ్మానాన్నలతో ఒక పూట నిదానంగా గడపాలంటే యింగ్గ వెళ్ళండి

మీరు అడిగింది ఏంటంటే, తైవాన్‌లోని శించూ ఊళ్ళో చదువుకుంటున్న తమ్ముడి దగ్గరికి అమ్మానాన్నల్ని తీసుకుని వస్తున్నారు, తైపే 101, నైట్ మార్కెట్లు ఎలాగూ చూస్తారు, అవి కాకుండా జనం తొక్కిడి లేని చోటు ఒకటి కావాలి, నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, అమ్మగారు ఉల్లి వెల్లుల్లి కూడా ముట్టరు. అందరూ జియుఫెన్ వెళ్ళమన్నారని కూడా రాశారు. జియుఫెన్ చాలా బాగుంటుంది, కాదనను, కానీ అది కొండ మీద ఊరు, మొత్తం మెట్లే, పైగా ఆ కీలుంగ్ వైపు వాన ఎప్పుడు పట్టుకుంటుందో చెప్పలేం. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని అక్కడికి తీసుకెళ్ళొద్దు. నేను శించూలో కొన్నేళ్ళు ఉన్నాను, మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్ళకి అన్నిటికంటే నచ్చింది యింగ్గ, దాని పక్కనే నది దాటితే సాన్‌శ్యా. అందుకే మీకూ అదే చెప్తున్నా.

యింగ్గ అంటే న్యూ తైపే సిటీలో ఒక డిస్ట్రిక్ట్. 2010 చివర దాకా తైపే కౌంటీ కింద ఉండే చిన్న టౌను, కౌంటీ మొత్తాన్ని సిటీ చేసేసరికి ఇది డిస్ట్రిక్ట్ అయింది, కానీ ఊరి తీరు మాత్రం ఇప్పటికీ చిన్న టౌను తీరే. తావ్‌యువాన్‌కీ తైపేకీ మధ్యలో ఉంటుంది కాబట్టి మీకు కలిసొచ్చే విషయం ఏంటంటే శించూ నుంచి లోకల్ ట్రైన్‌లో నేరుగా దిగొచ్చు, గంట పైన పడుతుంది. తైపే మెయిన్ స్టేషన్ నుంచి అయితే అరగంట పైచిలుకు. హైస్పీడ్ రైలుకి ఇక్కడ స్టేషన్ లేదు, ఎక్స్‌ప్రెస్‌లు కూడా చాలావరకు ఆగవు, అందుకని ఆగి ఆగి వెళ్ళే లోకలే ఎక్కండి. ఈజీకార్డ్ ముగ్గురికీ తలా ఒకటి తీసుకోండి, ట్రైన్‌కీ బస్సుకీ మెట్రోకీ అన్నిటికీ అదే పనికొస్తుంది. ఇంకోటి, తైపే మెట్రోలో మంచినీళ్ళు తాగినా ఫైన్ వేస్తారు, ఈ లోకల్ ట్రైన్లలో ఆ గొడవ లేదు, నాన్నగారు మందులు వేసుకోవాలన్నా అమ్మగారు డబ్బా తీసి పులిహోర పెట్టాలన్నా ఇబ్బంది ఉండదు.

అసలు యింగ్గలో ఏముంది అంటే, మట్టి. తైవాన్‌లో కుమ్మరి పనికి పెట్టింది పేరు ఈ ఊరు. రెండొందల ఏళ్ళ క్రితం చైనాలోని ఫుజియాన్ నుంచి వచ్చిన వూ అనే ఇంటిపేరు వాళ్ళు ఇక్కడ బట్టీ పెట్టారని చెప్తారు. బంకమన్ను ఇక్కడే దొరికేది, బట్టీల్లోకి బొగ్గు చుట్టుపక్కల గనుల నుంచే వచ్చేది, జపాన్ వాళ్ళ పాలనలో 1901లో రైల్వే స్టేషన్ కూడా పడేసరికి సరుకు పంపడం తేలికైపోయింది. మొదట్లో చేసినవన్నీ మోటు సామానే, నీళ్ళ తొట్లు, సారా జాడీలు, ఆకుకూరలు ఊరబెట్టుకునే జాడీలు, ఇటుకలు, పెంకులు. 1949 తర్వాత చైనా నుంచి పింగాణి రావడం ఆగిపోయింది, జపాన్ నుంచి దిగుమతులు కూడా కట్టడి చేశారు, దాంతో ఊళ్ళో గిన్నెల దగ్గర్నుంచి అన్నీ ఇక్కడే చెయ్యాల్సొచ్చింది, ఎటు చూసినా బొగ్గు బట్టీల పొగ గొట్టాలే. తర్వాత గ్యాస్ బట్టీలొచ్చి ఆ పొగ పోయింది. తైవాన్‌లో ఏ బాత్రూమ్‌కి వెళ్ళినా సింకు మీద హెచ్‌సీజీ అని కనిపిస్తుంది చూడండి, ఆ కంపెనీ కూడా 1931లో యింగ్గలోనే మొదలైంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, చాలామంది యింగ్గ వెళ్ళి నేరుగా ఓల్డ్ స్ట్రీట్‌కి పోయి, రెండు కప్పులు కొనుక్కుని, ఏముంది ఇందులో షాపింగే కదా అని వచ్చేస్తారు. నా సలహా ఒక్కటే, ముందు మ్యూజియం, తర్వాతే వీధి. యింగ్గ సిరామిక్స్ మ్యూజియం 2000లో తెరిచారు, తైవాన్‌లో మట్టి పనికోసమే కట్టిన మొదటి మ్యూజియం అది. స్టేషన్‌లో వెన్‌హువా రోడ్ వైపు బయటికొస్తే పది పదిహేను నిమిషాల నడక, దారంతా చదునే. సిమెంటు, ఇనుము, గాజు, అంతే, బిల్డింగుకి ఇంకే హంగూ లేదు, లోపల వెలుతురు మాత్రం ఎంత బాగుంటుందో. లిఫ్టులున్నాయి, కూచోడానికి బెంచీలున్నాయి, మామూలు రోజుల్లో వెళ్తే ఒక్కో హాల్లో మీరు తప్ప ఎవరూ ఉండరు. నెలలో మొదటి సోమవారం సెలవు, అది చూసుకుని ప్లాన్ చేస్కోండి.

మా అమ్మ అక్కడ పెద్ద జాడీల ముందు చాలాసేపు నిలబడిపోయింది. ఆవిడకి ఆవకాయ జాడీ అంటే ప్రాణం, మా అమ్మమ్మ ఇచ్చిన జాడీ ఇప్పటికీ వాసెన గుడ్డ కట్టి వాడుతుంది, ఇక్కడ చూస్తే మూతి అంచు చుట్టూ నీళ్ళు పోసుకునే కాలవ ఉన్న జాడీలున్నాయి, ఆ కాలవలో నీళ్ళుంటే లోపలి గాలి బయటికి పోతుంది గానీ బయటి గాలి లోపలికి రాదు, ఊరగాయ పాడవదు. నేను చెప్పకముందే ఆవిడే కనిపెట్టేసింది ఆ కాలవ ఎందుకో. భాష రాని దేశంలో ఒక వస్తువుని చూసి అది ఎలా పనిచేస్తుందో తనంతట తను పట్టేసుకున్నప్పుడు ఆవిడ ముఖంలో వచ్చిన సంతోషం ఏ టవర్ ఎక్కించినా వచ్చుండేది కాదు. మీ అమ్మగారికి కూడా వంటిల్లంటే ఇష్టమని రాశారు కాబట్టి అక్కడ తొందరపెట్టకండి.

మ్యూజియం నుంచి ఓల్డ్ స్ట్రీట్ కొంచెం దూరం, మళ్ళీ స్టేషన్ వైపు వచ్చి రైలు పట్టాల కింద నుంచి అవతలికి దాటాలి, నాన్నగారికి అలసటగా ఉంటే టాక్సీ పిలవండి, ఎక్కువేం కాదు. వీధి పేరు జియెన్‌షాన్‌పు రోడ్, రెండు పక్కలా తాటిజాతి చెట్లు, వరసగా సిరామిక్ షాపులు. శని ఆదివారాలు తైపే జనమంతా ఇక్కడే ఉంటారు, మీకు నిశ్శబ్దం కావాలంటే మంగళవారం నుంచి గురువారం లోపల వెళ్ళండి. పొద్దున్నే పోతే షాపులు తెరవరు, పదకొండు దాటాక మొదలవుతుంది, సాయంత్రం ఐదారింటికే మూసేస్తారు.

కొనేటప్పుడు ఒక సంగతి. బయట బుట్టల్లో గుట్టగా పోసి చవగ్గా అమ్మేవి అన్నీ ఇక్కడ చేసినవి కావు, బయట దేశాల నుంచి వచ్చినవి కూడా ఉంటాయి. వాటిని కొనొద్దనను, వాడుకోడానికి బాగానే ఉంటాయి, కానీ ఇంత దూరం వచ్చి ఇక్కడి చేతి పని తీసుకెళ్ళాలనుంటే అడుగున ముద్ర చూడండి, లేదా ఇది యింగ్గలో చేసిందా అని ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసి అడగండి, నిజాయితీగానే చెప్తారు. పక్క సందుల్లోకి వెళ్తే చిన్న చిన్న వర్క్‌షాపులుంటాయి, వెనకాల బట్టీ, ముందు గదిలో రెండు అరలు, నాకు అసలు యింగ్గ అంటే అవే. అలాంటి ఒక చోట పెద్దాయన ఒకాయన మా నాన్న చేతిలో టీపాట్ పెట్టి నీళ్ళు పోసి వంచమన్నారు, ధార తెగకుండా సన్నగా పడి, నిలబెట్టగానే ముక్కు నుంచి ఒక్క చుక్క కూడా కారకుండా ఆగిపోయింది, తర్వాత మూత మీద ఉన్న చిన్న చిల్లుని వేలితో మూసి మళ్ళీ వంచమన్నారు, నీళ్ళు రానే రాలేదు. మూత అంత బిగువుగా కూర్చుందని అర్థం. మంచి టీపాట్‌ని అలా చూస్తారట. ఆ తర్వాత మా నాన్న ప్రతి షాపులోనూ అదే పరీక్ష చేశారు, షాపువాళ్ళు కూడా సంతోషంగా నీళ్ళు తెచ్చిచ్చారు.

సారె మీద మట్టి తిప్పనిచ్చే షాపులు చాలా ఉన్నాయి. మీరు చేసింది ఆరాలి, కాల్చాలి, గ్లేజు పూసి మళ్ళీ కాల్చాలి, కాబట్టి అదే రోజు చేతికి రాదు, కొన్ని వారాలు పడుతుంది. మీ తమ్ముడి అడ్రస్ ఇస్తే కొరియర్ చేస్తారు, ముందే మాట్లాడుకోండి. నాన్నగారు కిందకి వంగి కూచోలేకపోతే ఎత్తు స్టూలు అడగండి, లేకపోతే రంగులు వేసే రకం ఎంచుకోండి, అది బల్ల దగ్గర కూచునే పని.

అమ్మగారి తిండి గురించి అసలు భయపడొద్దు. తైవాన్‌లో బౌద్ధ శాకాహారం చాలా ఎక్కువ, ఆ పద్ధతిలో ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు, అంటే అమ్మగారికి కావల్సింది అచ్చంగా అదే. బోర్డు మీద మన స్వస్తిక్ లాంటి గుర్తు ఉన్న హోటళ్ళు వెతకండి, యింగ్గలోనూ సాన్‌శ్యాలోనూ రెండు చోట్లా దొరుకుతాయి, కావల్సినవి ప్లేటులో పెట్టుకుంటే తూకం వేసి డబ్బులు తీసుకునే రకం కూడా ఉంటుంది. గుడ్డు కూడా వద్దంటే ఆ మాట విడిగా చెప్పాలి, గుడ్డు తినే శాకాహారులు అక్కడ మామూలే. ఇంకేం దొరక్కపోతే ఫ్యామిలీమార్ట్‌లో వేడి వేడి కాల్చిన చిలగడదుంప, అరటిపండు, సోయా పాలు ఉంటాయి, ఒక పూట గడిచిపోతుంది. ఓల్డ్ స్ట్రీట్‌లో లేయ్‌చా అని ఒకటుంది, గీతలు గీతలుగా ఉన్న గిన్నెలో టీ ఆకు, నువ్వులు, వేరుశనగ గుళ్ళు వేసి కర్రతో మనమే నూరుకోవాలి, నూనె బయటికి వచ్చి మెత్తగా అయ్యాక వేడినీళ్ళు పోసి తాగడమే, చైనా నుంచి వచ్చి స్థిరపడిన హక్కా జనాల అలవాటు ఇది. మా అమ్మ చేతికి కర్ర ఇచ్చిన అమ్మాయి ఆవిడ నూరే వేగం చూసి మిగతావాళ్ళని కూడా పిలిచి చూపించింది.

ఒంట్లో ఓపిక ఉంటే మాత్రం సాన్‌శ్యా వదలకండి, దాహాన్ నది అవతలే, బస్సులున్నాయి కానీ ముగ్గురున్నారు కాబట్టి టాక్సీ నయం. అక్కడ జూషీ గుడి చూడాలి. పద్దెనిమిదో శతాబ్దంలో కట్టిన గుడి, 1895లో జపాన్ సైన్యం తగలబెట్టింది, మళ్ళీ కట్టారు, తర్వాత 1947 నుంచి లీ మెయ్‌షూ అనే చిత్రకారుడు దాన్ని తిరిగి కట్టే పని నెత్తినేసుకుని 1983లో చనిపోయేదాకా అదే పనిలో ఉన్నారు. ఆయన టోక్యోలో చదువుకున్న పెయింటర్, కావాలంటే హాయిగా బొమ్మలేసుకుంటూ బతకొచ్చు, కానీ మూడున్నర దశాబ్దాలు తన ఊరి గుడికి ఇచ్చేశారు. అనుకున్న నమూనా ప్రకారం ఇప్పటికీ పూర్తవలేదు. అక్కడ రెండు రాతి స్తంభాల మీద ప్లమ్ చెట్టు కొమ్మలు, వాటి నిండా రకరకాల పక్షులు చెక్కారు, దగ్గరికెళ్ళి ఒక్కో పక్షినీ విడిగా చూడండి. రామప్ప చూసిన కళ్ళకి ఆ రాతిపని వెంటనే అర్థమవుతుంది, మా నాన్న అయితే కదల్లేదు. టికెట్ లేదు. కుడివైపు గుమ్మంలోంచి లోపలికి, ఎడమవైపు గుమ్మంలోంచి బయటికి, గడప తొక్కకుండా దాటండి, ఆ మర్యాద మనకి కొత్తేం కాదు కదా.

గుడి దగ్గర్లోనే సాన్‌శ్యా ఓల్డ్ స్ట్రీట్, ఎర్ర ఇటుకల ఆర్చీలు, జపాన్ కాలం నాటి ఇళ్ళ ముఖద్వారాలు, 2007లో బాగుచేశారు. ఒకప్పుడు ఇక్కడ బట్టలకి నీలిరంగు అద్దే దుకాణాలు వరసగా ఉండేవి, అద్దిన బట్టని పక్కనున్న నదిలోనే జాడించేవాళ్ళు. మన కోస్తాలో పండించిన నీలిమందు మొక్క వేరు, వాళ్ళు వాడింది కొండల్లో నీడలో పెరిగే ఇంకో మొక్క, దాన్ని అస్సాం నీలి అని కూడా అంటారు. రుమాలు మీద ముడులేసి మనమే అద్దుకునే చోటు కూడా ఉంది. ఎద్దు కొమ్ము ఆకారంలో ఉండే బన్ను ఇక్కడ ఫేమస్, గుడ్డు, వెన్న ఉంటాయి కాబట్టి అమ్మగారికి వద్దు, మీరు తినండి.

కొత్తగా 2025లో న్యూ తైపే సిటీ ఆర్ట్ మ్యూజియం కూడా యింగ్గలోనే నది పక్కన తెరిచారు, నది ఒడ్డు రెల్లు పొదల్లా నిలువు గొట్టాలతో ముందు భాగం కట్టారు. అది కూడా అదే రోజు ఇరికించొద్దు, పెద్దవాళ్ళకి కాళ్ళు పడిపోతాయి.

నెలల విషయానికొస్తే అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా నడవడానికి హాయిగా ఉంటుంది. మే, జూన్‌లో ముసురు, జులై ఆగస్టుల్లో ఎండ, ఉక్క, తుఫాన్లు, అప్పుడు తప్పనిసరైతే మ్యూజియం మధ్యాహ్నానికి, వీధి ఎండ తగ్గాక షాపులు మూసేలోపు పెట్టుకోండి. కొన్న సామాను షాపువాళ్ళే పేపర్లు చుట్టి అట్టపెట్టెలో గట్టిగా ప్యాక్ చేస్తారు, ఫ్లైట్‌లో అని చెప్తే ఇంకో పొర చుడతారు, అయినా దాన్ని చెకిన్‌లో వెయ్యకుండా చేతి సామానులోనే పెట్టుకోండి. మీరు ఏ నెలలో వస్తున్నారో, తమ్ముడు శించూ స్టేషన్‌కి దగ్గర్లో ఉంటాడా హైస్పీడ్ స్టేషన్ వైపు ఉంటాడా చెప్పండి, రెండూ వేరు వేరు చోట్ల ఉంటాయి, దాన్ని బట్టి పొద్దున ఏ టైముకి బయల్దేరాలో చెప్తాను.