చుక్క రాలిందా, పొడిచిందా, చార మిగిలిందా?

సందేహం: జనవరిలో ఒక సాయంత్రం, పొద్దుగూకిన పది నిమిషాలకు పడమటి ఆకాశంలో నారింజ రంగు గీత ఒకటి కనిపించింది. దాని కొస నిప్పురవ్వలా ఉంది. మెల్లగా కిందికి దిగుతున్నట్టు అనిపించింది. కాసేపటికి వెడల్పయి, చెదిరిపోయింది. మా అత్తగారు తోకచుక్క అన్నారు. ఫోన్‌లో వచ్చిన మెసేజ్‌లో ‘ఉల్కపాతం’ అని ఉంది. మా అమ్మాయి బడి వ్యాసంలో ‘వెలుగుతున్న పొగచార’ అని రాస్తే, అది పొగ కాదు కదా అని టీచరుగారు కొట్టేశారు. వీటిలో సరైన మాట ఏది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: అమ్మా, మీ అమ్మాయి రాసిన ‘పొగచార’ సరైన మాట. ‘వెలుగుతున్న’ దగ్గర మాత్రం చిన్న దిద్దుబాటు ఉంది. దాని సంగతి చివర చెబుతాను.

ముందు మీరు చూసింది ఏమిటో తేల్చుకుందాం. మీ వర్ణనను బట్టి అది ఎత్తున పోతున్న జెట్ విమానం వదిలిన చార. విమానాలు పది కిలోమీటర్ల ఎత్తున పోతుంటాయి. అక్కడ చలి సున్నాకు నలభై డిగ్రీల దిగువన ఉంటుంది. ఇంజను వదిలే ఆవిరి ఆ చలికి క్షణాల్లో గడ్డకట్టి సన్నని మంచు పలుకులవుతుంది. నేల మీద మనకు పొద్దు కుంకినా, అంత ఎత్తున ఇంకో పది పన్నెండు నిమిషాలు ఎండ పడుతూనే ఉంటుంది. ఆ ఎర్రని ఎండ తగిలి చార నారింజ రంగులో కనిపిస్తుంది. కిందికి దిగినట్టు అనిపించడం కంటి భ్రమ. తిన్నని రోడ్డు మీద నిలబడి కరెంటు తీగలు చూడండి, దూరం పోయేకొద్దీ నేలకు దిగుతున్నట్టే ఉంటాయి. మీకు దూరంగా పడమటికి పోతున్న విమానమూ అంతే.

ఇక మాటల విషయం. ఆకాశంలో కనబడే ఇలాంటివాటిని తెలుగు పేరుతోనే కాదు, క్రియతో కూడా వేరు చేస్తుంది. ఇది చాలామంది గమనించరు. చుక్క రాలింది అంటాం, చుక్క పొడిచింది అంటాం. రాలేవి ఆకులు, పూలు, జుట్టు. అంటిపెట్టుకుని ఉన్నది ఊడి, చూస్తుండగానే అయిపోయేది రాలడం. పొద్దు పొడుస్తుంది, చుక్క పొడుస్తుంది. అంటే పైకి వచ్చి నిలుస్తుంది. తోకచుక్క కూడా పొడుస్తుంది, రాలదు. 2024 అక్టోబరులో పొద్దుగూకాక పడమట కనిపించిన త్సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క రోజూ సాయంత్రం చుక్కల మధ్య కాస్త చోటు మారుతూ చాలా రోజులు ఉంది. అది కదులుతున్నట్టు కంటికి తెలియనే తెలియదు. మీ అత్తగారు తోక చూసి ఆ మాట అన్నారు, అందులో తప్పేమీ లేదు. కానీ పావుగంటలో చెదిరిపోయింది తోకచుక్క కాలేదు. తోకచుక్కకే సంస్కృతంలో ధూమకేతువు అని పేరు. కేతువు అంటే జెండా, పొగను జెండాగా కలిగినది అని అర్థం. ఈ మాట అగ్నికి కూడా పేరే. మన తోకచుక్క దానికి అనువాదంలా ఉండదు. వాళ్లకు అక్కడ జెండా కనిపించింది, మనకు తోక కనిపించింది.

రాలే చుక్కే ఉల్క. ఆకాశంలో ఇసుకరేణువంత ముక్క, సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో గాలిలోకి దూరి, సుమారు వంద కిలోమీటర్ల ఎత్తున భగ్గుమని ఆరిపోతుంది. ఒకటి రెండు సెకన్ల పని. మీరు పిల్లల్ని పిలిచి చూపించేంత సేపు ఉంటే అది మామూలు ఉల్క కాదు.

అయితే ‘ఉల్క’ అనే మాటకు సంస్కృతంలో కొరవి అనే అర్థం కూడా ఉంది. పొయ్యిలోంచి లాగిన, కొస మండుతున్న కట్టె. నాకు ఈ అర్థం నిజంగా కళ్లకు కట్టింది 2022 ఏప్రిల్ 2న. ఆరోజు ఉగాది. రాత్రి ఏడున్నర దాటాక, మన ఆసిఫాబాద్ వైపు సరిహద్దును ఆనుకుని ఉన్న మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోనూ, ఇంకా పైన విదర్భ అంతటా, మధ్యప్రదేశ్‌లోనూ ఆకాశంలో నిప్పులు వరసగా సాగిపోవడం జనం చూశారు. ఎవరో గుప్పెడు కొరవులు విసిరినట్టే ఉన్నాయి ఆ వీడియోల్లో. సిందేవాహి తాలూకాలో ఒక ఊళ్లో పెద్ద లోహపు రింగు పడింది. అవి 2021లో చైనా ప్రయోగించిన లాంగ్ మార్చ్ రాకెట్ శకలాలని ఖగోళ పరిశీలకులు లెక్కగట్టారు. రాకెట్ ముక్కల వేగం సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్లే కాబట్టి ఉల్క కంటే నింపాదిగా, నిమిషం పాటు కూడా కనిపిస్తాయి. వాటిని ‘రాకెట్ శకలాలు’ అనడమే మేలు. వాటిని చూసి ‘చుక్క రాలింది’ అని తెలుగువాడు అనలేడు. ‘నిప్పులు పోతున్నాయి’ అంటాడు. క్రియ దానంతట అదే మారిపోతుంది, చూశారా!

అదే 2022లో డిసెంబరు 15న ఒడిశా తీరం నుంచి అగ్ని-5 క్షిపణిని పరీక్షించినప్పుడు కోల్‌కతాలో జనం ఆకాశంలో వెలుగు చూసి కంగారుపడ్డారు. అదీ సందెవేళే. పైన ఎండ, కింద చీకటి. శ్రీహరికోట రాకెట్లు ఆ వేళలో లేచినప్పుడూ వాటి పొగ అలాగే మెరుస్తుంది.

‘ఉల్కపాతం’ తప్పు, ‘ఉల్కాపాతం’ ఒప్పు. సంస్కృతంలో ఆ మాట ‘ఉల్కా’. తెలుగులో విడిగా వాడితే చివరి దీర్ఘం పోయి ఉల్క అవుతుంది. సంధ్యా సంధ్య అయినట్టే. కానీ మరో సంస్కృత పదంతో సమాసం చేస్తే దీర్ఘం నిలుస్తుంది: సంధ్యావందనం, ఉల్కాపాతం.

పొగచార దగ్గరికి వద్దాం. టీచరుగారి అభ్యంతరం సైన్సు పరంగా నిజమే, ఆ చారలో ఉన్నది ప్రధానంగా మంచు. కానీ మాట అలా పుట్టదు. చలికాలం తెల్లవారి రోడ్డు కనబడనీయని దాన్ని పొగమంచు అంటున్నాం. అందులో పొగ ఎక్కడుంది? పొగలా కనిపిస్తుంది, అంతే. ఆకాశంలో పాలపుంత ఉంది, అందులో పాలు లేవు. గోదావరి జిల్లాల్లో పుంత అంటే పొలాల మధ్య బండి పోయే బాట. మా ఇంటి వెనక పుంత ఉండేది. వెన్నెల లేని రాత్రి మా తాతయ్య ముందు దాన్ని, తర్వాత తల పైకెత్తి ఆకాశాన్ని చూపించి, ‘ఇది మట్టిది, అది పాలది’ అనేవాడు. ఆ మాట ఎలా పుట్టిందో నాకు ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

గీత కంటే చార ఎందుకు మేలంటే, గీత ఎవరో గీసినది. చార ఏదో పోయాక మిగిలినది. ఏడ్చిన పిల్లవాడి చెంప మీద కన్నీటి చార ఉంటుంది, కన్నీటి గీత అనం. అంచులు చెదరడం చారకు స్వభావం. విమానం వెళ్లిపోయాక వెడల్పయి చెదిరినదానికి ఇంతకంటే ఇమిడే మాట నాకు తోచలేదు. పత్రికలవారు ‘ఆకాశంలో వింత కాంతి’ అని రాసే బదులు ఈ మాట వాడితే ఎంత బాగుంటుంది.

ఇక దిద్దుబాటు. దీపం వెలుగుతుంది, బంగారం మెరుస్తుంది. సొంత వెలుగు ఉన్నది ఒకటి, మీద పడిన వెలుగును తిప్పి కొట్టేది మరొకటి. మెరుపు దగ్గర ఈ తేడా నిలవదు, ఒప్పుకుంటాను. కానీ మిగతాచోట్ల వాడుక చాలావరకు దీన్నే పాటిస్తుంది. ఉల్క వెలిగి ఆరిపోతుంది. ఎండ పడిన మంచు మెరుస్తుంది. కాబట్టి మీ అమ్మాయి వాక్యంలో ఒక్క మాట మార్చి, టీచరుగారికి మళ్లీ చూపించమనండి: ‘సందెవేళ పడమట ఒక పొగచార మెరుస్తూ కనిపించింది.’