సంప్రదాయ సంగీతాన్ని ప్రపంచ సంగీతంతో కలిపి వాయించే అకౌస్టిక్ గిటారిస్టుగా వృత్తిలో నిలబడగలమా?

మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. కర్ణాటక గాత్రం నేర్చుకొని ఆ తరువాత అకౌస్టిక్ గిటార్ పట్టిన వ్యక్తి ఈ రెండింటినీ కలిపి వృత్తిగా నిలబడగలడా, అందుకు మొదట దేనిమీద శ్రమ పెట్టాలి, చేస్తున్న ఉద్యోగాన్ని ఎప్పుడు వదలాలి అని అడిగారు. కర్ణాటక సంగీతం ఆధారంగా స్టీలు తీగల గిటార్ వాయిస్తూ, పాఠాలు చెబుతూ, ఇతర దేశాల సంగీతకారులతో కలిసి కచేరీలు చేస్తూ బతుకుతున్నవాణ్ని కనుక మొదటి ప్రశ్నకు నిలబడవచ్చు అనే చెబుతాను. అయితే ఫ్యూజన్ వాయిస్తానంటూ బయలుదేరిన వాళ్ల కంటే, తమ సంప్రదాయం గిటార్ ముందు పెట్టే చిక్కుల్లో ఏదో ఒకదాన్ని పట్టుకొని దాన్ని తమ వాద్యం మీద విప్పి చూపిన వాళ్లకే పనులు వస్తాయన్నది ఇన్నేళ్లుగా నేను గమనించిన విషయం.

ఈ దారిలో ముందు నడిచినవారిని ఒక్కసారి చూడండి. బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్‌ను ఒడిలో పడుకోబెట్టి, తీగల మీద కడ్డీని జార్చి మీండ్‌ను, అంటే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తెగకుండా జారడాన్ని, పలికించారు. ఆయన తరువాతి తరంలో విశ్వమోహన్ భట్ అదే పద్ధతికి శ్రుతికీ లయకూ మీటే చికారీ తీగలను, తమంతట తాము ప్రతిధ్వనించే తరఫ్ తీగలను చేర్చి మోహన వీణను రూపొందించారు; అమెరికా గిటారిస్టు రై కూడర్‌తో కలిసి చేసిన ఆల్బమ్‌కు 1994లో గ్రామీ అందుకున్నారు. బ్రిటిష్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ 1970లలో భారతీయ విద్వాంసులతో కలిసి నడిపిన శక్తి బృందం కోసం వాడిన గిటార్‌లో ఫ్రెట్ల (మెట్ల) మధ్య చెక్కను లోతుగా తొలిపించారు, శబ్దరంధ్రం మీదుగా ఏటవాలుగా శ్రుతి తీగలు వేయించారు. టర్కీలో ఎర్కాన్ ఓగుర్ రాగాల వంటి తమ మకామ్‌లలోని సూక్ష్మస్వరాల కోసం 1976లో ఫ్రెట్లే లేని క్లాసికల్ గిటార్‌ను తయారుచేసుకున్నారు. గిటార్ కాకపోయినా, మన పాలకొల్లు శ్రీనివాస్ మాండలిన్‌లో జంట తీగలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకోవడం కూడా ఈ కోవలోకే వస్తుంది. వీరిలో ఎవరూ రెండు సంగీతాలను చెరి సగం పాళ్లలో కలపలేదు. తమ సంగీతంలో దేన్ని వదులుకోకూడదో తేల్చుకొని, వాద్యాన్నే దానికి అనుగుణంగా మార్చుకున్నారు.

ఇది ఆచరణలో ఎలా ఉంటుందో తోడి రాగంలోని గాంధారంతో చెబుతాను. ఆ గాంధారం ఒక చోట నిలిచే స్వరం కాదు. శుద్ధ రిషభానికీ శుద్ధ మధ్యమానికీ మధ్య ఊగుతూ ఉంటుంది, అంటే 4 అర్ధస్వరాల మేర (గిటార్ మీద పక్కపక్క ఫ్రెట్ల మధ్య దూరం ఒక అర్ధస్వరం) తిరుగుతుంది. వీణ మీద మెట్లు ఎత్తుగా ఉండడం వల్ల తీగను చాలా దూరం లాగవచ్చు కనుక ఆ కదలిక ఒకే లాగులో వస్తుంది. మామూలు స్టీలు తీగల గిటార్ మీద రిషభం ఫ్రెట్ నుంచి అంత లాగితే వేలయినా తెగుతుంది, తీగయినా తెగుతుంది. నేను చేసేదేమిటంటే, రిషభం మీద మీటి, ఆ నాదం ఆరకముందే గాంధారం ఫ్రెట్‌కు జారి, అక్కడి నుంచి మిగిలిన 2 అర్ధస్వరాలను లాగి మధ్యమాన్ని తాకి, మళ్లీ మీటకుండా వెనక్కి వస్తాను. వినేవారికి ఆ జారు, ఆ లాగు వేరువేరుగా తెలియకూడదు. అందుకోసం సన్నని తీగలు వేశాను, మూడో తీగను పైన లోహపు చుట్టు లేనిదిగా మార్చాను, ఆ మార్పు వల్ల స్వరస్థానం తప్పకుండా, తీగలు కిందివైపు ఆనే సాడిల్‌ను వాద్యాలు బాగుచేసే వ్యక్తి చేత మళ్లీ సరిచేయించాను. నైలాన్ తీగలు మెత్తగా ఉంటాయి కదా, వాటితో సులువేమో అని చాలామంది అడుగుతుంటారు. నిజానికి నైలాన్ తీగను పక్కకు లాగినప్పుడు స్థాయి అంతగా పెరగదు కాబట్టి గమకానికి, అంటే స్వరాన్ని ఊపడానికీ జార్చడానికీ, స్టీలే అనుకూలం.

శ్రుతి విషయంలో మీకు ఒక దగ్గరి దారి ఉంది. బ్రిటిష్ గిటారిస్టు డేవీ గ్రాహం 1960ల తొలినాళ్లలో, మొరాకోలో ఊద్ అనే అరబ్బు తీగవాద్యం విన్న తరువాత, తీగలను లావు నుంచి సన్నం వరకు డి, ఎ, డి, జి, ఎ, డి వరుసలో శ్రుతి చేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఐర్లండ్ జానపదాలు, ఫ్రాన్స్‌లోని బ్రెటన్ జానపదాలు వాయించేవారికి అది ఇప్పుడు సొంత ఇల్లు లాంటిది. మన లెక్కలో చూస్తే అది స ప స మ ప స, డి షడ్జంగా ఉండే రెండో శ్రుతి. అంటే తంబురా అప్పటికే మీ చేతిలో ఉన్నట్టే. అయిదో ఫ్రెట్ మీద, తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే కేపో బిగిస్తే అయిదో శ్రుతిలో పాడే గాయనికి పక్కన కూర్చోవచ్చు. చిక్కల్లా ఆ మధ్యమం తీగతోనే. మోహన, కల్యాణి వంటి, శుద్ధ మధ్యమం లేని రాగాలు వాయిస్తున్నప్పుడు అది తనంతట తాను ప్రతిధ్వనించి రాగాన్ని బురదచేస్తుంది. ఆ రాగాలకు దాన్ని అర్ధస్వరం దించి అంతర గాంధారంగా పెట్టుకుంటాను. ఇందులో ఇంకో లాభం ఉంది. గిటార్ ఫ్రెట్లు స్థాయిని 12 సమాన భాగాలు చేసే సమవిభక్త స్వరాలకు కట్టుబడి ఉంటాయి గనుక అక్కడి గాంధారం తంబురా నాదంలో తనంతట పలికే స్వయంభూ గాంధారం కంటే దాదాపు 14 సెంట్లు (అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు) ఎక్కువగా పలుకుతుంది. విడి తీగకు ఆ నిర్బంధం లేదు, చెవితో సరిగ్గా కలుపుకోవచ్చు.

కార్డుల దగ్గరే, అంటే ఒకేసారి కలిపి పలికించే స్వరాల గుత్తుల దగ్గరే, ఎక్కువమంది ప్రయత్నాలు చప్పబడిపోతాయని నా అభిప్రాయం. రాగంలో ఉన్న స్వరాలతోనే కార్డు కడితే సరిపోతుందనుకుంటారు, సరిపోదు. తోడి గాంధారం పైన ఊగుతుండగా కింద కార్డులో అదే గాంధారం కదలకుండా నిలబడితే రెండూ గొడవ పడతాయి. అంతేకాక కార్డు మూలం షడ్జం నుంచి రిషభానికో పంచమానికో మారగానే వినేవారి చెవి ఆ కొత్త స్వరాన్నే షడ్జంగా తీసుకుంటుంది. మీరు కోరకుండానే గ్రహభేదం జరిగిపోయి, ఇంతసేపు కట్టిన రాగం ఇంకో రాగంలా వినిపిస్తుంది. అందుచేత నేను కింది తీగ మీద షడ్జాన్ని కదిలించను. గాంధారం లేని షడ్జ పంచమాల జంటను ఆధారంగా ఉంచుకొని, మధ్య తీగల మీద రెండో స్వరపంక్తిని నడిపిస్తాను. నా సహకళాకారుల్లో దీన్ని చాదస్తమని అనేవారూ ఉన్నారు. వారి సంగీతం వారిది, అందులోనూ వినదగినవి చాలానే ఉన్నాయి.

లయ దగ్గర మాత్రం మన చదువు ప్రపంచంలో ఎక్కడికి వెళ్లినా పనికొస్తుంది. స్పెయిన్ ఫ్లమెంకో సంప్రదాయపు గిటారిస్టు ఒకరితో రిహార్సల్ చేస్తున్నప్పుడు ఆయన బులేరియా అనే 12 మాత్రల ఆవర్తనాన్ని చప్పట్లతో చూపించారు. పన్నెండో మాత్ర నుంచి మొదలుపెట్టి మూడు, ఆరు, ఎనిమిది, పది మాత్రల మీద ఊనిక పడుతుంది. మాతో ఉన్న మృదంగ విద్వాంసుడు ఒక్క క్షణం విని, "తకిట తకిట తక తక తక" అన్నారు. అంతటితో లెక్క తేలిపోయింది. అసలు కష్టం ముగింపులో వచ్చింది. మన ముక్తాయింపు ఆవర్తనం మొదటి మాత్ర అయిన సమం మీద వచ్చి వాలితేనే మనకు ఊపిరాడుతుంది. ఆయన సంప్రదాయంలో వాక్యం పదో మాత్ర మీద ముగిసి, మిగతా రెండు మాత్రలు తరువాతి ఆవర్తనానికి ఎత్తుగడగా మిగులుతాయి. సమం మీద వాలిన ప్రతిసారీ మేము ఆయన చెవికి ఆలస్యంగా వచ్చినవాళ్లమే. చివరకు ముక్తాయింపును ఆయన పదో మాత్రకే చేర్చి, ఆ రెండు మాత్రల ఖాళీని మృదంగానికి వదిలేశాం. ఆ భాగానికే సభలో చప్పట్లు పడ్డాయి. ఇటువంటి ఇచ్చిపుచ్చుకోవడం ఫ్లమెంకోకు కొత్త కాదు. ఫ్లమెంకో గిటారిస్టు పాకో దె లుసియా 1970ల చివర పెరూలో విన్న కహోన్ అనే పెట్టె వాద్యాన్ని తన బృందంలోకి తీసుకొన్నారు, ఈనాడు అది లేని ఫ్లమెంకో బృందం కనిపించడమే అరుదు.

ఇక బతుకుతెరువు. సోలో ఆల్బమ్ చేసి, స్ట్రీమింగ్ వేదికల మీద పెట్టి, దాని రాబడితో జీవించాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే పక్కన పెట్టండి. రికార్డింగు ఇవాళ మన పరిచయ పత్రం మాత్రమే. నా రాబడిలో స్థిరంగా వచ్చేది పాఠాల మీద వచ్చేది. దాని తరువాత నృత్య, నాటక బృందాలకు సంగీతం చేయడం, ఇతరుల రికార్డింగుల్లో వాయించడం, ఆ తరువాతే సొంత కచేరీలు. విదేశీ ఉత్సవాల విషయానికి వస్తే, 1982లో మొదలైన వోమాడ్ వంటి వేదికలు శ్రోతల కోసం, 1994లో మొదలైన వోమెక్స్ వంటి సమావేశాలు నిర్వాహకులు, ఏజెంట్లు, కళాకారులు కలుసుకోవడం కోసం. అయితే నాకు పిలుపులు వచ్చింది దరఖాస్తుల వల్ల కంటే, నాతో ఒకసారి వాయించినవారు ఇంకొకరికి చెప్పడం వల్లనే. గాయనికి అడ్డం రాకుండా, తోడి గాంధారాన్ని చెడగొట్టకుండా, కింద కాస్త స్వరసంగతి అందించే గిటారిస్టు కావలసినప్పుడు నా పేరు గుర్తుకు రావడమే నా వృత్తికి ఆధారం. పక్కవాద్యంగా కూర్చోవడాన్ని చిన్నతనంగా భావించేవారికి ఈ వృత్తి కష్టం.

హక్కుల సంగతి పొడిగా ఉన్నా చెప్పక తప్పదు. త్యాగరాజస్వామి 1847లో పరమపదించారు. ఆయన కృతుల మీద కాపీరైటు ఎవరికీ లేదు. కానీ ఆ కృతికి మీరు గిటార్ కోసం కట్టిన కూర్పు మీదే, మీరు చేసిన రికార్డింగూ మీదే. ఇద్దరు ముగ్గురు కలిసి మనోధర్మంతో అల్లిన సంగీతంలో ఎవరి వాటా ఎంతో స్టూడియో నుంచి బయటకు రాకముందే కాగితం మీద రాసి అందరూ సంతకాలు చేయాలి. నేను వాయించిన ఆలాపన ఒకటి ఇంకొకరి పేరుతో వెలువడితే, ఇటువంటి కాగితం లేక నా వాటాను నేను రుజువు చేసుకోలేకపోయాను. జానపద బాణీ అయితే అది ఎవరి నోట విన్నారో వారి పేరు చెప్పడం, రాబడిలో వారికి పాలు ఇవ్వడం చట్టం అడగకపోయినా చేయవలసిన పని.

వేదిక మీద సున్నితమైన గమకాన్ని మింగేసేది ధ్వని వ్యవస్థే. సాడిల్ కింద ఉండి తీగల కంపనాన్ని పట్టే పియెజో పికప్ ఒక్కటే ఉంటే జారులన్నీ గీసినట్టు వినిపిస్తాయి. మైకు ఒక్కటే ఉంటే మృదంగం, ఘటం అందులో పడిపోయి, శబ్దం పెంచగానే గిటార్ కూయడం మొదలుపెడుతుంది. రెండింటినీ వేరువేరు చానళ్లలో పంపి, శబ్దరంధ్రాన్ని రబ్బరు మూతతో మూయడం నాకు కుదిరిన ఏర్పాటు. ప్రయాణాల్లో తీగలను కాస్త వదులు చేయండి. పెట్టెలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. గిటార్ రోజ్‌వుడ్‌దైతే ఒక మాట: 2017 జనవరి నుంచి ఆ జాతులన్నీ అంతర్జాతీయ అనుమతుల పరిధిలోకి వచ్చాయి, తయారీ పూర్తయిన వాద్యాలకు 2019 నవంబరు నుంచి మినహాయింపు లభించింది. 1992 నుంచే కఠినమైన జాబితాలో ఉన్న బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కు మాత్రం ఆ మినహాయింపు లేదు, కాబట్టి పాత గిటార్ కొనేటప్పుడు కలప ఏదో అడిగి తెలుసుకోండి.

ఉద్యోగం గురించి చివరగా అడిగారు. మాలీ దేశపు అలీ ఫార్కా టూరే 1980 వరకు రేడియో మాలీలో సౌండ్ ఇంజనీరుగా పనిచేశారు, ఆ తరువాత తన ఊరు నియాఫుంకేకు వెళ్లి వ్యవసాయం చేసుకున్నారు. రై కూడర్‌తో ఆయన చేసిన ఆల్బమ్ 1994లో వచ్చి గ్రామీ గెలిచిన తరువాత కూడా తాను రైతుననే చెప్పుకున్నారు. అందువల్ల ఉద్యోగం సంగీతానికి శత్రువు అనే మాటను నేను నమ్మను. రోజూ ఉదయం సాధనకు రెండు గంటలు దక్కనివ్వని ఉద్యోగమే శత్రువు, అటువంటిదైతే రాజీనామా కంటే ముందు ఉద్యోగాన్ని మార్చుకోండి. పాఠాల రాబడి ఒక్కటే వరుసగా ఏడాది పాటు మీ ఇంటి ఖర్చులను మోయగలిగితే అప్పుడు వదలడం గురించి ఆలోచించవచ్చు. ఆ లెక్కలో కచేరీల డబ్బును కలపకండి, ఎందుకంటే ఒక ఋతువులో వరుసగా వచ్చే కచేరీలు తరువాతి ఋతువులో ఒక్కటీ రాకపోవచ్చు, వచ్చిన వాటికీ పారితోషికం చేతికందేసరికి నెలలు పట్టవచ్చు.