‘ఎముక విరగలేదు కదా’ అనే మాట పక్కన పెట్టి, ముందు బిల్లులు బయటకు తీయండి

వనస్థలిపురం నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం ఇది, కొంచెం కుదించాను:

"సార్, నేను ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తాను. నెలకు ఖర్చులు పోను 28 వేల దాకా మిగులుతుంది. నాలుగు నెలల కిందట నాగోలు దగ్గర సిగ్నల్‌లో స్కూటీ ఆపుకుని ఉంటే వెనక నుంచి కారు గుద్దింది. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు, ‘సాఫ్ట్ టిష్యూ ఇంజురీ’ (కండరాలకు దెబ్బ) అని రాశారు. మూడు వారాలు మెడకు కాలర్. రెండు నెలలు సూది పట్టుకోలేదు, మూడో నెల సగం పనే. పోలీసు కేసు అయింది. కారాయన 15 వేలు ఇస్తాను, రాజీ పడదాం అంటున్నాడు. ఆసుపత్రి దగ్గర పరిచయమైన ఇంకొకాయన 5 లక్షలు ఇప్పిస్తాను, 30 శాతం నాకు ఇవ్వండి అంటున్నాడు. 1.8 లక్షల గోల్డ్ లోన్, క్రెడిట్ కార్డు మీద 42 వేలు బాకీ ఉన్నాయి. 5 లక్షలు వస్తే అన్నీ తీరిపోతాయి కదా, అప్పటిదాకా వడ్డీ మాత్రం కడుతూ ఉండొచ్చా?"

వద్దమ్మా. ఆ 5 లక్షలు ఎవరో నోటితో చెప్పిన లెక్క, మీ కార్డు మీద పడే వడ్డీ మాత్రం ప్రతి నెలా స్టేట్‌మెంట్‌లో అచ్చై వస్తుంది. అలాగని 15 వేలు తీసుకుని ఊరుకోమనీ అనను. పరిహారం కోసం ట్రిబ్యునల్‌లో, అంటే రోడ్డు ప్రమాదాల పరిహారం తేల్చే కోర్టులో, కేసు వేయండి, కానీ దాని విలువ ఎంతో ముందు మనమే లెక్కేసుకుందాం.

మీరు పంపిన బిల్లుల ఫొటోలన్నీ ముందేసుకుని లెక్క కట్టాను. ఎంఆర్‌ఐ 7,500, ఫిజియోథెరపీ 24 సిట్టింగులు ఒక్కోటి 500 చొప్పున 12,000, మందులు 4,800, డాక్టర్ ఫీజులు 3,200. మొత్తం 27,500. ఆటోలకు, క్యాబ్‌లకు ఇంకో 6,000. అంటే జేబులోంచి పోయింది 33,500. రెండున్నర నెలల సంపాదన 70,000. నొప్పికి, బాధకు ట్రిబ్యునల్ తనకు తోచినంత ఇస్తుంది, నేను 25,000 వేసుకున్నాను, అది నా అంచనా మాత్రమే. కలిపితే లక్షా 28 వేల 500.

ఇదంతా మీ సంపాదన 28 వేలని నమ్మితేనే. ఐటీ రిటర్నులు లేవు, షాపు లైసెన్సు లేదు అంటున్నారు కాబట్టి ట్రిబ్యునల్ నెలకు 15 వేలే అనుకుందనుకోండి, మొత్తం 96 వేలకు దిగుతుంది. కాబట్టి మీది లక్షకు అటూ ఇటూ ఉండే క్లెయిమ్. 5 లక్షలనే మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, కాలో చేయో శాశ్వతంగా దెబ్బతిని డిసబిలిటీ సర్టిఫికెట్ ఉన్నవాళ్ల కేసుల నుంచి. వాళ్లకు భవిష్యత్తులో పోయే సంపాదన కూడా లెక్కలోకి వస్తుంది. రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ పద్దులన్నీ విడదీసి చెప్పింది: మామూలు గాయమైతే వైద్యం ఖర్చు, పని చేయలేని రోజుల సంపాదన, నొప్పికి పరిహారం, ఈ మూడే. మీరు మళ్లీ మగ్గం ముందు కూర్చుంటున్నారు, అది దేవుడి దయ, కానీ క్లెయిమ్ పెద్దది కాకపోవడానికి కారణమూ అదే.

ఇప్పుడు ఆ 30 శాతం సంగతి. లక్షా 20 వేలు వచ్చాయనుకోండి, 36 వేలు ఆయనకే పోతాయి. మీ వైద్యం మొత్తానికి అయిన దానికన్నా ఎక్కువ! పైగా వచ్చే పరిహారంలో వాటా మాట్లాడుకోవడం వకీళ్లకు బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారమే కుదరదు, ఈయన అసలు వకీలో కాదో కూడా మీకు తెలియదు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు చట్టంలోనే ఉంది. ఎల్‌బీ నగర్ కోర్టుల దగ్గర జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోండి. సొంతంగా వకీలును పెట్టుకున్నా ఫీజు ఇంత అని ముందే రాయించుకోండి.

ప్రమాదం నాగోలులోనే జరిగినా, మీరు ఉండే చోటు ఏ ట్రిబ్యునల్ పరిధిలోకి వస్తుందో అక్కడ కేసు వేసుకోవచ్చు. కానీ గడువు ఆరు నెలలు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ గడువు మళ్లీ వచ్చింది, ఈ సంగతి తెలియక ‘ఎప్పుడైనా వేసుకోవచ్చులే’ అనే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు. మీకు నాలుగు నెలలు అయిపోయాయి. పోలీసులు కూడా ప్రమాదం మీద వివరమైన రిపోర్టు 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు పంపాలి. స్టేషన్‌కు వెళ్లి అది పంపారా అని అడిగి కాపీ తీసుకోండి, దాన్నే క్లెయిమ్‌గా తీసుకునే వీలుంది. అయినా వాళ్ల మీద భారం వేసి ఇంట్లో కూర్చోకండి. ఇంకో మాట, ట్రిబ్యునల్ వడ్డీ వేసినా అది కేసు వేసిన తేదీకి ముందు నుంచి రాదు.

అన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టినవి మీ కాగితాలే. మందుల బిల్లులు తొమ్మిదిలో నాలుగింటి మీద పేషెంట్ పేరు ఉండాల్సిన చోట ‘క్యాష్’ అని ఉంది, రెండు అప్పుడే వెలిసిపోయి మధ్యలో తెల్లగా అయిపోయాయి. ఆ పల్చటి కాగితం ఎండకు, నూనె చేతికి నిలవదు, ఇవాళే జిరాక్స్ తీయించండి. డాక్టర్ రాసిన చీటీలతో మందులు సరిపోలుతున్నాయో లేదో చూసి జతగా పిన్ చేయండి. ఫిజియోకైతే రసీదే లేదు, గులాబీ రంగు అట్ట మీద తేదీలు, పక్కన పొట్టి సంతకాలు మాత్రమే ఉన్నాయి. ఆ అట్ట పట్టుకుని వెళ్లి, ఏ తేదీ నుంచి ఏ తేదీకి ఎన్ని సిట్టింగులు, ఎంత తీసుకున్నారు అని లెటర్‌హెడ్ మీద రాయించండి. జరిగినవి 24 అయితే 24 అనే రాయించండి, 40 వద్దు. ఇన్సూరెన్స్ వాళ్ల మనిషి నేరుగా వెళ్లి రిజిస్టర్ అడుగుతాడు.

అట్ట మీద మధ్యలో ఐదు వారాలు ఖాళీ ఉంది. డబ్బుల్లేక మానేశానని నాకు రాశారు, అదే నిజం కాబట్టి డాక్టర్‌కూ అదే చెప్పి చీటీలో రాయించండి, లేకపోతే ‘నొప్పే ఉంటే ఎందుకు మానేసింది’ అని అవతలి వకీలు అడగకుండా ఉండడు. ఎక్స్‌రేలో కనపడని గాయానికి సాక్ష్యం ఈ చీటీలే, ఇంకేం లేవు. మీ ఇన్‌స్టా పేజీ కూడా చూశాను. కాలర్ వేసుకున్న నెలలో మూడు బ్లౌజులు పెట్టారు, పాత పని అయి ఉంటుంది, కానీ పాతదని ఎక్కడా లేదు.

సంపాదనకు రుజువు కావాలంటే ప్రమాదానికి ముందు ఏడాది యూపీఐ స్టేట్‌మెంట్ తీయండి, ఆర్డర్లు రాసుకునే నోట్‌బుక్ ఉంటే అది, వాట్సాప్‌లో అడ్వాన్సులు పంపిన మెసేజులు. పెళ్లిళ్ల సీజన్‌లో చేయలేక తిప్పి ఇచ్చేసిన అడ్వాన్సులు ఉంటే అవి ఇంకా గట్టివి.

వకీలును తప్పకుండా అడగాల్సింది ఒకటుంది. ఆసుపత్రి వాళ్లు గాయం గురించి రాసిచ్చిన మీ ఊండ్ సర్టిఫికెట్‌లో ‘సింపుల్’ (మామూలు గాయం) అని ఉంది. అయితే ఇప్పటి నేరాల చట్టం భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం 15 రోజుల పాటు తీవ్రమైన నొప్పితో ఉన్నా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అది తీవ్ర గాయమే. పాత ఐపీసీలో ఇది 20 రోజులు. మీకు కాలరే మూడు వారాలు ఉంది. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్‌లో తీవ్ర గాయానికి తప్పు ఎవరిదో తేల్చకుండానే రెండున్నర లక్షలు ఉంది, అది తీసుకుంటే మామూలు క్లెయిమ్ పోతుంది. ఇన్సూరెన్స్ కంపెనీ తేలిగ్గా ఒప్పుకోదు, అందుకే నేను మీ లెక్కలో ఒక్క రూపాయి కూడా కలపలేదు. అడగడం మాత్రం మానకండి.

కారాయన 15 వేలు మీ మందులకూ ఫిజియోకూ చాలవు. ఇన్సూరెన్స్ ఉన్న బండైతే పరిహారం కట్టేది కంపెనీ, ఆయనకు కావాల్సింది కేసు లొల్లి వదలడం. ‘పరిహారం ముట్టింది, ఇక క్లెయిమ్ లేదు’ అని రాసిన ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ముందు స్టేషన్‌లో ఆ కారు పాలసీ కాపీ చూడండి. ప్రమాదం రోజుకు పాలసీ లేకపోతే మాత్రం కథ మారుతుంది, ఆయన దగ్గర్నుంచి వసూలు చేయడం పెద్ద పని, అప్పుడు రాజీ మొత్తం పెంచమని వకీలు ద్వారా కూర్చుని మాట్లాడుకోవడమే మేలు. పాలసీ ఉండి, కేసు వేశాక లోక్ అదాలత్‌లో 90 వేలు దాటి ఇస్తామంటే నేనైతే తీసుకుంటాను. అక్కడ ఒప్పుకుంటే మళ్లీ అప్పీలు ఉండదు, రెండు మూడేళ్లు వాయిదాలకు తిరిగే బాధా ఉండదు. వాయిదా ఉన్న రోజు మీకు పని ఉండదు కదా, ఆ కూలీ ఎవరూ ఇవ్వరు.

ఇక అప్పులు. కార్డు బాకీ మీద నెలకు మూడున్నర శాతం అంటే దాదాపు 1,470, దాని మీద జీఎస్టీ. మినిమమ్ కడుతూ పోతే మీరు ఎదురుచూసే పరిహారంలో సగం కార్డుకే పోతుంది. రెండు లక్షల చిట్టీ, ఇరవై నెలలది, పద్నాలుగు నెలలు కట్టానని ఉత్తరం చివర రాశారు. ఈ నెల పాటలో 15 వేల లోపు తగ్గించుకుంటే చిట్టీ వచ్చేట్టుంటే పాడి తీసుకోండి. ముందు కార్డు మూసేయండి, 60 వేలు పక్కన పెట్టుకోండి, మిగిలింది గోల్డ్ లోన్ అసలులో కట్టండి. చిట్టీలో మిగిలిన ఆరు వాయిదాలూ కట్టాల్సిందే, అందుకే ఆ 60 వేలు. గోల్డ్ లోన్ గడువు ఏ నెలలో ఉందో కూడా చూసుకోండి, వడ్డీ కట్టి రెన్యువల్ చేయించకపోతే వేలం నోటీసు వస్తుంది.

స్కూటీ ఇన్సూరెన్స్‌లో 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంది కదా అని అడిగారు. అది ప్రాణం పోతే, శాశ్వత వైకల్యం వస్తే పనికొచ్చేది, మెడ పట్టేసి రెండు నెలలు పని ఆగితే అందులో ఏమీ రాదు. పని ఆగిన వారాలకు ఇంత అని ఇచ్చే కవర్ ఉన్న యాక్సిడెంట్ పాలసీలు విడిగా దొరుకుతాయి, కార్డు బాకీ తీరాక ఒకటి చూద్దాం. ముందు మాత్రం సోమవారం ఎల్‌బీ నగర్ వెళ్లండి, ఆ గులాబీ అట్ట మర్చిపోకండి.