జీతం పెరిగింది, ఈఎస్ఐ పోతోంది: యజమాని బీమా చేయించాల్సిందేనా?

ప్రశ్న: బాలానగర్‌లో 14 మంది పనిచేసే ఒక చిన్న వర్క్‌షాపులో ఉద్యోగిని. ఈ జులైలో నా జీతం రూ.20,800 నుంచి రూ.22,500 అయింది. ఇక ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) వర్తించదంటున్నారు. ఆరోగ్య బీమా చేయించమని యజమానిని చట్టప్రకారం అడగవచ్చా? మా అమ్మకు 61 ఏళ్లు, మధుమేహం ఉంది.

జవాబు: అడగవచ్చు గానీ, చట్టం మీ పక్షాన లేదు. పది మందికి తగ్గకుండా ఉన్న సంస్థల్లో, నెల వేతనం రూ.21,000 మించని వారికే ఈఎస్ఐ తప్పనిసరి. ఈ పరిమితి 2017 జనవరి నాటిది. అది దాటిన వారికి బీమా చేయించాలన్న సాధారణ నిబంధన ఏదీ లేదు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ నడుమ పనులు మొదలుపెట్టే సంస్థలు కార్మికులకు వైద్య బీమా తప్పక చేయించాలని కేంద్ర హోం శాఖ ఆదేశించింది గానీ, అది విపత్తు నిర్వహణ చట్టం కింద ఇచ్చిన తాత్కాలిక ఉత్తర్వు. ఉద్యోగులకు బీమా చేయించడాన్ని యజమానులందరికీ తప్పనిసరి చేయాలన్న వాదనతో నాకు పేచీ లేదు. అయితే ఉద్యోగంతో వచ్చే బీమా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి, మీలాంటి వారికి ముందుగా కావలసింది ఈఎస్ఐ పరిమితి పెరగడమేనని నా అభిప్రాయం.

మొదట జీతం చీటీ చూసుకోండి. పెరిగినది ఓవర్‌టైమ్ వల్ల అయితే, దానిని పరిమితికి లెక్కించరు. మూలవేతనమే పెరిగి ఉంటే, ఏప్రిల్-సెప్టెంబరు చందా కాలం ముగిసేదాకా జీతంలో ఈఎస్ఐ కోత కొనసాగుతుంది, సభ్యత్వమూ ఉంటుంది. ఈలోగా యజమానితో మాట్లాడండి. పాత జీతంపై ఈఎస్ఐ చందాలో మీ వాటా నెలకు 0.75 శాతం, అంటే రూ.156; ఆయన వాటా 3.25 శాతం, అంటే రూ.676. అక్టోబరు నుంచి ఆయనకు ఆ భారం తప్పుతుంది, ఏడాదికి రూ.8,112. పరిమితి దాటిన వారందరినీ కలిపి గ్రూపు పాలసీ తీసుకోవడానికి ఆ సొమ్మును మళ్లించమని అడగడం, చట్టం పేరెత్తడం కన్నా బాగా పనిచేస్తుంది.

ఆయన ఒప్పుకున్నా, మీ సొంత పాలసీని మాత్రం వాయిదా వేయవద్దు. అమ్మగారి మధుమేహం సంగతి దరఖాస్తులో దాచకుండా రాయండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం (వాటి చికిత్సకు బీమా సొమ్ము రాని వ్యవధి) గరిష్ఠంగా మూడేళ్లు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత త్వరగా అది గడుస్తుంది. వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. మీ ఇంట్లో ఆహార భద్రత కార్డు ఉంటే, ఆరోగ్యశ్రీ కింద అమ్మగారి పేరు ఉందో లేదో కూడా ఈ వారమే చూసుకోండి.